ప్రార్థన పైకప్పు దాటడం లేదనిపించినప్పుడు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

ఈ సాయంత్రం నాకిచ్చిన అంశం ఆత్మీయ జీవితంలో ఎండిపోవడం, దేవుడు మనల్ని విడిచిపెట్టేశాడేమో అనిపించడం. "కొంచెం ధైర్యం చెప్పే మాటలు చెప్పండి" అన్నారు పిలిచినవారు. తప్పకుండా చెబుతాను. అయితే అంతకంటే ముందు ఈ స్థితి ఎలా ఉంటుందో దాపరికం లేకుండా మాట్లాడుకుందాం. సంఘాల్లో మనం దీని గురించి సాక్ష్యాల్లోనే వింటుంటాం. సాక్ష్యం అంటే అయిపోయిన కథ. "అప్పుడు అలా ఉండేవాడిని, ఇప్పుడు దేవుడు లేవనెత్తాడు" అని చెప్పుకోగలిగినవాళ్ళకే మైకు దొరుకుతుంది. ఇంకా అందులోనే ఉన్నవాళ్ళు వెనక బెంచీలో కూర్చుని వింటారు. ఈ రోజు నేను ముఖ్యంగా మాట్లాడేది వాళ్ళతో.

పొద్దున్నే లేచి బైబిల్ తెరుస్తారు. ఒక వచనం చదువుతారు. చివరికి వచ్చేసరికి మొదలు ఏముందో గుర్తుండదు. మళ్ళీ చదువుతారు. అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. ఆ వచనం కింద పెన్సిల్‌తో గీసిన గీత ఉంటుంది, పక్కన ఒక తేదీ. అది మీ చేతిరాతే. ఆ రోజు ఈ మాటకే కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఇప్పుడు చూస్తే ఆ గీత ఇంకెవరో గీసినట్టుంటుంది. సరే అని మోకరిస్తారు. "ప్రభువా" అంటారు. ఆ తర్వాత మాట రాదు. వచ్చిన మాటలు కూడా అలవాటు కొద్దీ వచ్చినవే, నోటి నుంచి వచ్చి గదిలోనే పడిపోతున్నట్టుంటాయి. ఆదివారం ఆరాధనలో చుట్టూ అందరూ చేతులెత్తితే మీరూ ఎత్తుతారు, ఎత్తకపోతే ఎవరైనా అడుగుతారేమోనని. బయటికొచ్చాక "ఎలా ఉన్నారండీ?" అంటే "దేవుని కృప" అంటారు.

ఇది ఎండిపోవడం. దీనికంటే బరువైనది ఇంకొకటి ఉంది. ఒక చావో, ఒక జబ్బో, ఏళ్ళ తరబడి అడిగినా జవాబు రాని ఒక ప్రార్థనో వచ్చి, "ఆయన వినడం లేదు" అనేది కాస్తా "ఆయన నన్ను వద్దనుకున్నాడు" అనే దాకా పోతుంది. మొదటిది రుచి పోవడం. రెండోది దిక్కులేనివాళ్ళమైపోయామన్న భయం. రెండూ కలిసి కూడా వస్తాయి.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ముందే చెప్పేస్తాను, మిగతాదంతా దాని చుట్టూ తిరుగుతుంది. దేవుడు దూరమైపోయాడనిపించినప్పుడు ఆ మాట ఆయన గురించి మన లోపల మనం అనుకుంటూ ఉండిపోవద్దు, ఆయనతోనే అనాలి. విశ్వాసం తిరిగొచ్చాక అందాం అని ఆగక్కర్లేదు. అలా అనడమే విశ్వాసం. బైబిల్ దీన్ని అనుమతించడమే కాదు, మాటలు కూడా అందించింది.

ఈ స్థితిలో ఉన్నవాళ్ళకు సంఘంలో ఎక్కువగా వినిపించే ఒక మాట గురించి ముందు మాట్లాడాలి. "నీ జీవితంలో ఏదో పాపం ఉంది, ఒప్పుకో, సరిచేసుకో" అంటారు. నన్ను తప్పుగా అర్థం చేసుకోవద్దు. ఇందులో నిజం ఉంది. దావీదు 32వ కీర్తనలో ఆ అనుభవమే చెప్పాడు. పాపాన్ని దాచుకుని మౌనంగా ఉన్నంతకాలం తన ఎముకలు క్షీణించాయని, తన సారం వేసవిలో ఎండినట్టు అయిపోయిందని రాశాడు. ఎవరినైనా మోసం చేస్తూ, ఇంట్లో ఒకలా సంఘంలో ఒకలా బతుకుతూ, "ప్రార్థనలో ఆనందం లేదు పాస్టర్‌గారూ" అంటే దానికి మందు ఒప్పుకోలే. అది సూటిగా చెప్పాలి కూడా.

కానీ 32వ కీర్తన రాయించిన దేవుడే 88వ కీర్తన కూడా రాయించాడు. అందులో పాపపు ఒప్పుకోలు ఒక్క ముక్క లేదు. యోబు కథ అయితే, పాపం వల్లే శ్రమ వచ్చిందని వాదించినవాళ్ళు తప్పు మాట్లాడారని దేవుడే తీర్పు చెప్పడంతో ముగుస్తుంది. వాళ్ళలో ఒకడైన ఎలీఫజుతో "నా సేవకుడైన యోబు పలికినట్లు మీరు నన్నుగూర్చి యుక్తమైనది పలుకలేదు" అన్నాడు. అంత కోపంగా, అంత తెగించి దేవుణ్ణి నిలదీసిన యోబు యుక్తంగా మాట్లాడినవాడయ్యాడు. దేవుని పక్షాన వకాల్తా పుచ్చుకుని మాట్లాడిన స్నేహితులు మాత్రం యుక్తంగా మాట్లాడనివారయ్యారు. ఈ సంగతి మీద మనం తగినంత ఆలోచించలేదని నాకనిపిస్తుంది.

సిద్ధాంతం విషయంలో బాగా పట్టింపు ఉన్నవాళ్ళు కూడా దీన్ని ఒప్పుకున్నారు. 1646లో లండన్‌లో తయారైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రమాణంలో 18వ అధ్యాయం రక్షణ నిశ్చయత గురించి. నిజమైన విశ్వాసి నిశ్చయత ఎందుకు కదిలిపోతుందో అక్కడ కారణాలు చెప్పారు. నిర్లక్ష్యం ఉంది, పాపంలో పడటం ఉంది, హఠాత్తుగా వచ్చే శోధన ఉంది. వాటితో పాటు ఇంకో కారణం కూడా రాశారు. దేవుడే తన ముఖకాంతిని వెనక్కి తీసుకుని, తనకు భయపడేవారిని సైతం వెలుగు లేకుండా చీకటిలో నడవనిస్తాడని. యెషయా 50వ అధ్యాయం 10వ వచనం నుంచి తీసుకున్న మాట అది. "వెలుగులేకయే చీకటిలో నడచువాడు యెహోవా నామమును ఆశ్రయించి తన దేవుని నమ్ముకొనవలెను." ఎవరికి చెబుతున్నాడో ఆ వచనంలో ముందే ఉంది. యెహోవాకు భయపడి, ఆయన సేవకుని మాట వినేవాడికి. అంటే దేవునికి లోబడి నడుస్తున్న మనిషి కూడా వెలుగు లేని చోట ఉండవచ్చు. కాబట్టి మీ ముందుకొచ్చి ఎవరైనా "నా ప్రార్థన పైకప్పు దాటడం లేదు" అంటే మొదటి మాటగా పాపం సంగతి ఎత్తకండి. ఆ మనిషి అప్పటికే తనను తాను వందసార్లు వెతుక్కుని ఉంటాడు.

ఇప్పుడు 88వ కీర్తన దగ్గర కాసేపు ఆగుదాం. ఎండిపోయినవారికి 23వ కీర్తన ఇస్తాం, 91 ఇస్తాం. 88 ఇవ్వడానికి భయపడతాం.

కీర్తనల్లో మూడోవంతు దాకా మొరపెట్టేవే. వాటిలో చాలావాటికి ఒక నడక ఉంటుంది. ఏడుపుతో మొదలై, మధ్యలో ఎక్కడో మలుపు తిరిగి, స్తోత్రంతో ముగుస్తాయి. 13వ కీర్తన చూడండి. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలై, ఆరు వచనాల్లోనే పాట పాడటం దగ్గరికి వచ్చేస్తుంది. 22వ కీర్తన కూడా చివరికి సమాజం మధ్యలో స్తుతించడానికి చేరుతుంది. 88కి ఆ మలుపు లేదు. మొదటి వచనంలో "నాకు రక్షణకర్తవగు దేవా" అన్న ఒక్క పిలుపు తప్ప తర్వాత వెలుగన్నదే కనబడదు. సమాధి, అగాధం, చీకటి, మీద పడి పొర్లిపోతున్న అలలు. ఆఖరి మాట "చీకటియే నాకు బంధువర్గమాయెను". అంతే. ఆ తర్వాత ఏమైందో రాయలేదు.

ఈ కీర్తనకు పై పలుకు ఉంది, చూడండి. కోరహు కుమారుల కీర్తన, ప్రధాన గాయకునికి, ఎజ్రాహీయుడైన హేమాను రచించినది. అంటే ఒంటరిగా డైరీలో రాసుకుని దాచుకున్నది కాదు. ఆరాధనలో పాడటానికి ఇచ్చిన పాట. ఇశ్రాయేలు ప్రజలు ఆలయంలో నిలబడి, మలుపు లేని ఈ ఏడుపును అందరూ కలిసి పాడారు. అక్కడ ఒకరు ఆనందంగా ఉండి ఉంటారు, ఇంకొకరికి కొత్తగా బిడ్డ పుట్టి ఉంటుంది. వాళ్ళూ పాడారు, పక్కవాడి కోసం. మన ఆరాధనల్లో పాటల వరుస తయారు చేసేవారు ఇక్కడెవరైనా ఉంటే ఒక్క విన్నపం. అన్నీ విజయగీతాలే పెట్టకండి. నెలకొకటైనా ఏడవగలిగే పాట ఉండనివ్వండి. అది లేని చోట విరిగిపోయిన మనిషి పెదవులు కదిలిస్తూ నిలబడాల్సి వస్తుంది.

ఇంకో సంగతి. ఈ మనిషి ఎన్నిసార్లు ప్రార్థన చేస్తున్నాడో చూడండి. మొదటి వచనంలో రాత్రివేళ మొరపెడుతున్నానంటాడు. తొమ్మిదో వచనంలో "ప్రతిదినము నేను నీకు మొఱ్ఱపెట్టుచున్నాను" అంటాడు. పదమూడో వచనంలో "ఉదయమున నా ప్రార్థన నిన్ను ఎదుర్కొనును" అంటాడు. రాత్రి, రోజూ, మళ్ళీ ఉదయం. జవాబు ఒక్కసారి కూడా రాలేదు. పైగా ఈ దుస్థితికి కారణం దేవుడే అంటున్నాడు. "నీవు నన్ను విడుచుట యేల? నీ ముఖము నాకు చాటు చేయుట యేల?" అని మొహమాటం లేకుండా అడుగుతున్నాడు. అయినా వేరే ఎవరి దగ్గరికో పోలేదు. నిలదీస్తున్నది ఆయన్నే, ఆశ్రయిస్తున్నదీ ఆయన్నే. ఇంత చీకటి ఉన్న కీర్తనలో విశ్వాసం ఎక్కడుందని ఎవరైనా అడిగితే, నేను ఈ మూడు వచనాలూ చూపిస్తాను.

దీన్ని పరిశుద్ధాత్మ దేవుడు గ్రంథంలో ఉంచాడు. ఒక స్తోత్రవచనం చివర తగిలించి సరిచేయలేదు. మీ ప్రార్థన స్తోత్రంతో ముగియకపోయినా అది ప్రార్థనేనని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

సంఘ చరిత్రలో దేవుణ్ణి గాఢంగా ప్రేమించినవారిలో చాలామంది ఈ దారిన నడిచారు. నేను చెప్పబోయేవారిలో కొందరు మన సంఘశాఖకు చెందినవారు కాదని మీకనిపించవచ్చు. చీకటిలో నడిచినవారి మాట వినడానికి అది అడ్డం కాకూడదని నా మనవి.

స్పెయిన్ దేశంలో అవిలా తెరేసా అనే సన్యాసిని ఉండేవారు, 1515లో పుట్టారు. ప్రార్థన గురించి క్రైస్తవ లోకంలో లోతుగా రాసినవారిలో ఆమె పేరు ముందుంటుంది. అలాంటి ఆమె తన జీవితం గురించి రాస్తూ ఏమన్నారో తెలుసా? కొన్నేళ్ళపాటు ప్రార్థన గదిలో అడుగుపెట్టాలంటేనే దిగులు కమ్ముకునేదట, ఉన్న ధైర్యమంతా కూడగట్టుకోవాల్సి వచ్చేదట. లోపల కూర్చున్నాక గడియారం గంట ఎప్పుడు కొడుతుందా అని చెవులు అక్కడే ఉండేవట. పుస్తకం చేతిలో లేకుండా ప్రార్థనకు కూర్చోవడానికి ఏళ్ళ తరబడి ధైర్యం చాలలేదని కూడా రాశారు. ప్రార్థనను ఆమె తోటకు నీళ్ళు పెట్టడంతో పోల్చారు. మొదట్లో బావిలోంచి చేదతో తోడాలి. ఒక్కోసారి బావిలో నీళ్ళే ఉండవు. అయినా వెళ్ళి చేద వేయడం మన పని, ఆ మాత్రం మనం చేస్తే నీళ్ళు లేకుండానే మొక్కలను బతికించుకోవడం తోట యజమాని చూసుకుంటాడంటారు ఆమె.

ఆమెతో కలిసి పనిచేసినవారు సిలువ యోహాను, జాన్ ఆఫ్ ది క్రాస్ అంటారు. "చీకటి రాత్రి" అనే మాట క్రైస్తవులకు అందించింది ఆయనే. 1577 డిసెంబరులో, మఠాల్లో దిద్దుబాటు తెస్తున్నాడన్న కోపంతో ఆయన్ను బంధించి తొలేదో నగరానికి తీసుకుపోయారు. బంధించినది అన్యులు కాదు, ఆయన సొంత మఠశాఖవారే. సుమారు ఆరడుగుల వెడల్పు, పదడుగుల పొడవున్న గది. పైన ఎక్కడో సన్నని సందు. ప్రార్థన పుస్తకం చదువుకోవాలంటే ఆ సందులోంచి వెలుగు పడే వేళకు పీట మీద నిలబడి చదువుకోవాల్సి వచ్చేది. తొమ్మిది నెలలు అలా గడిచాక 1578 ఆగస్టులో తప్పించుకున్నారు. దేవుడు మరుగైపోవడం గురించి ఆయన రాసినది బల్ల ముందు కూర్చుని ఊహించినది కాదు.

ఆయన చెప్పిన మూడు గుర్తులు చాలామందికి పనికొస్తాయి. మన ఎండిన స్థితి మన చల్లారిపోవడం వల్ల వచ్చిందా, దేవుడే మనల్ని ఈ దారిన తీసుకెళ్తున్నాడా అని ఎలా తెలుసుకోవాలి? దేవుని విషయాల్లో రుచి లేదు సరే, మరి లోక విషయాల్లో ఉందా? చల్లారిపోయినవాడికి అక్కడ రుచి దొరుకుతుంది. ఈ రాత్రిలో ఉన్నవాడికి అక్కడా దొరకదు. రెండో గుర్తు, దేవుణ్ణి సరిగా సేవించడం లేదేమో, వెనకబడిపోతున్నానేమో అన్న బెంగ. చల్లారిపోయినవాడికి ఆ బెంగ ఉండదు. మూడోది, ఒకప్పుడు చేసినట్టు వాక్యాన్ని ధ్యానిద్దామంటే ఎంత ప్రయత్నించినా మనసు కదలదు. ఈ మూడూ కలిసి ఉండాలంటారాయన. నాకు రెండోది విలువైనదిగా కనబడుతుంది. దేవుడు దూరమయ్యాడని మీకు ఇంత బాధగా ఉందంటే, ఆ బాధ ఎక్కడినుంచి వస్తోంది? ఆయన్ను కోరుకోనివారికి ఆయన లేని లోటు తెలియదు.

ఇదే మాట దాదాపు నాలుగు వందల ఏళ్ళ తర్వాత ఇంకొకరికి ఊరటనిచ్చింది. మదర్ తెరెసా సంగతి. 1946 సెప్టెంబరు 10న డార్జిలింగ్ వెళ్ళే రైల్లో ఆమెకు పిలుపు వచ్చింది. పేదల్లోకెల్లా పేదల మధ్యకు వెళ్ళమని. ఆ రోజుల్లో యేసు స్వరం ఆమెకు చాలా దగ్గరగా వినబడేది. 1948 చివర కలకత్తా మురికివాడల్లో పని మొదలుపెట్టారు. సరిగ్గా అక్కడినుంచే ఆ దగ్గరితనం పోయింది. 1953లో తన ఆర్చిబిషప్‌కు రాసిన ఉత్తరంలో, పని మొదలుపెట్టిన నాటి నుంచి కాస్త హెచ్చుతగ్గులతో ఇదే పరిస్థితని, లోపల అంతా చచ్చిపోయినట్టు భయంకరమైన చీకటి ఉందని చెప్పారు. 1958 అక్టోబరులో కొన్ని వారాలు ఆ చీకటి తొలగింది. మళ్ళీ వచ్చింది. తెలిసినంతవరకు 1997లో ఆమె కన్నుమూసేదాకా ఉంది. నోబెల్ బహుమతి అందుకున్న 1979లోనూ లోపల ఇదే స్థితి. ఆ ఉత్తరాలు నాశనం చేయమని ఆమె కోరుకున్నారు. చేయలేదు. 2007లో అచ్చయ్యాయి.

అవి బయటికి వచ్చినప్పుడు కొందరు, "చూశారా, ఆమెకే నమ్మకం లేదు" అన్నారు. నాకు ఆ మాట అన్యాయంగా తోస్తుంది. ఆమె ప్రతి ఉదయం లేచి ప్రార్థనకు వెళ్ళారు, తర్వాత రోగుల దగ్గరికి వెళ్ళారు. రుచి ఏమీ లేకుండా సుమారు యాభై ఏళ్ళు ప్రేమించడాన్ని నమ్మకం లేకపోవడం అంటే, ఇక నమ్మకమని దేన్ని అనాలి? 1961 ప్రాంతంలో జెసూట్ అనే కాథలిక్ మఠశాఖకు చెందిన నోయ్‌నర్ అనే ఫాదర్ ఆమెకు చెప్పిన మాటలు ఆమెకు చాలా సాయపడ్డాయి. దీనికి మనుషుల దగ్గర మందు లేదని, కాబట్టి ఇది తన తప్పేమో అని కుమిలిపోవద్దని అన్నారాయన. దేవుని సన్నిధిని అనుభవించడమొక్కటే ఆయన ఉన్నాడనడానికి రుజువు కాదని, ఆయన కోసం ఇంత తపించడమే ఆయన లోపల మరుగై ఉన్నాడనడానికి గుర్తని అన్నారు. ఆ తర్వాత కూడా చీకటి పోలేదు. కానీ ఆమె దాంతో పోట్లాడటం మానేశారు, దాన్ని ప్రేమించడం నేర్చుకున్నానని రాశారు. అందరం అంత దూరం వెళ్ళగలమని నేను అనను. చీకటిని ప్రేమించమని మిమ్మల్ని అడగను కూడా. ఆమెకు ఊరట దొరికిన విధానం మాత్రం గమనించండి. ఎవరో ఒకరు ఆమె చెప్పింది పూర్తిగా విని, భయపడకుండా, నిందించకుండా జవాబిచ్చారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. దయచేసి జాగ్రత్తగా వినండి.

ఎండిన స్థితి అంతా ఆత్మీయమైనదే కాకపోవచ్చు. డిప్రెషన్ అనేది ఒక జబ్బు. నిద్ర పట్టకపోవడమో అతిగా పట్టడమో, తిండి సహించకపోవడం, ఏ పనీ చేయబుద్ధి కాకపోవడం, నేనెందుకూ పనికిరానన్న ఆలోచన, ఇవి వారాల తరబడి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. అది విశ్వాసం తక్కువై చేసే పని కాదు. సిలువ యోహాను కూడా ఆ కాలానికే మనోవ్యాకులం అనే జబ్బును వేరుగా గుర్తించాలని రాశారు. రెండూ ఒకే మనిషిలో కలిసి ఉండవచ్చనీ అన్నారు. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తుంటే అయితే ఆగకండి. ఈ రోజే, ఈ మీటింగ్ అయ్యాకే, మీరు నమ్మిన ఒక మనిషికి చెప్పండి. ఉపవాస ప్రార్థన అయ్యాక చూద్దాం అని వాయిదా వేయకండి.

ఏలీయాను చూడండి, 1 రాజులు 19వ అధ్యాయం. కర్మెలు మీద అగ్ని దిగివచ్చిన తర్వాతే, గొప్ప విజయం వెంటనే, అరణ్యంలో బదరీవృక్షం కింద కూర్చుని నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవుడు మొదట ఏం చేశాడు? ప్రసంగం చేయలేదు. గద్దించలేదు. పడుకోనిచ్చాడు. దూత వచ్చి తట్టి తినమన్నాడు. తిని మళ్ళీ పడుకున్నాడు. దూత రెండోసారి వచ్చి, నీ శక్తికి మించిన ప్రయాణం ఉంది, తిను అన్నాడు. హోరేబు దగ్గర ఆ నిమ్మళమైన స్వరం వినబడింది ఇదంతా అయ్యాక. మనం మాత్రం నిద్రలేక, ఒళ్ళు హూనమై ఉన్న మనిషిని రాత్రంతా జాగరణ ప్రార్థనకు రమ్మంటాం.

మరి దేవుడు ఎందుకిలా మరుగవుతాడు? జెసూట్ శాఖను స్థాపించిన ఇగ్నేషియస్ లోయోలా 16వ శతాబ్దంలో కారణాలు చెప్పారు. మన నిర్లక్ష్యం ఒకటి. ఊరట లేకపోయినా ఎంతవరకు నిలబడతామో చూడటం ఒకటి. ఆ ఊరట మన సంపాదన కాదు, ఉచితంగా ఇచ్చినదని తెలియజేయడం ఇంకొకటి. ఇవి మంచి మాటలే, చాలామందికి అన్వయిస్తాయి. అయితే బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఈ కారణాలు పెట్టకండి. ఆమెకు కారణం తెలిసినంత మాత్రాన గుండె కుదుటపడదు. యోబుకు కూడా దేవుడు కారణం చెప్పలేదు. వచ్చి మాట్లాడాడు, అంతే.

నాకు తెలిసినంతలో ఈ ప్రశ్నను ఒక్క చోటికే తీసుకెళ్ళగలం. మత్తయి 27. మధ్యాహ్నం మొదలుకొని మూడు గంటల వరకు ఆ దేశమంతా చీకటి. ఆ చీకటి చివర యేసు బిగ్గరగా కేక వేశాడు, "ఏలీ, ఏలీ, లామా సబక్తానీ". 22వ కీర్తన మొదటి మాట. బాప్తిస్మప్పుడు ఆకాశం నుంచి స్వరం వచ్చింది, "ఈయనే నా ప్రియ కుమారుడు" అని. రూపాంతర కొండ మీద మళ్ళీ వచ్చింది. సిలువ దగ్గర రాలేదు. ఆ స్వరం ఎప్పటికంటే ఎక్కువ అవసరమైన సమయంలో ఆకాశం మౌనంగా ఉంది. దగ్గర నిలబడ్డవాళ్ళకు ఆ కేక కూడా సరిగా అర్థం కాలేదు, ఏలీయాను పిలుస్తున్నాడనుకున్నారు. మీ బాధ పక్కనున్నవాళ్ళకు అర్థం కాకపోతే, అది కూడా ఆయనకు తెలిసిన బాధే.

హెబ్రీ పత్రిక 5వ అధ్యాయంలో, ఆయన మహా రోదనముతోను కన్నీళ్లతోను ప్రార్థించాడని, భయభక్తులు కలిగి యున్నందున అంగీకరింపబడెనని ఉంది. అంగీకరింపబడ్డాడు. అంటే తండ్రి విన్నాడు. కానీ విన్న రోజు సిలువ నుంచి దించలేదు. జవాబు మూడో రోజు తెల్లవారుజామున వచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం ఆ మౌనాన్ని చూసిన ఎవరికైనా తండ్రి వినలేదనే అనిపిస్తుంది. అలా అనిపించడం తప్పు కాదు, అప్పటికి కనబడుతున్నది అదే. అయినా ఆయన విన్నాడు. నా నమ్మకం మొత్తం ఈ ఒక్క సంగతి మీదే ఆనుకుని ఉంది. మనకు అనిపించేది నిజమైన బాధే, దేవుడు ఏం చేస్తున్నాడో చెప్పడానికి మాత్రం అది చాలిన సాక్ష్యం కాదు.

ఇక రోజూ ఏం చేయాలన్నది. ఎక్కువ చెప్పను, ఎండిపోయినవాళ్ళకు పెద్ద జాబితా ఇవ్వడం ఇంకో బరువు.

సొంత మాటలు రాకపోతే తెచ్చిపెట్టుకోకండి. 88 చదవండి, 13 చదవండి, 42 చదవండి, పరలోక ప్రార్థన చెప్పండి. నోటితో, వినబడేటట్టు. అరగంట కుదరకపోతే ఐదు నిమిషాలు. కానీ ఆ ఐదు నిమిషాలు రోజూ ఒకే సమయానికి. "ప్రభువా, నాకేమీ అనిపించడం లేదు, అయినా వచ్చాను" అని చెప్పి లేచినా చాలు. ఎలా ప్రార్థించాలో తెలియనప్పుడు ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో ఆత్మ తానే విజ్ఞాపన చేస్తాడని రోమా 8లో ఉంది. మీ మాటలు ఆగిపోయిన చోట ఆయన ప్రార్థన ఆగలేదు. ప్రభువు బల్ల దగ్గరికి మానకుండా రండి. అక్కడ మీ ఫీలింగ్‌తో పని లేదు, చేయి చాపి తీసుకోవడమే.

ఇగ్నేషియస్ ఇచ్చిన ఒక సలహా బంగారం లాంటిది. ఆత్మ కుంగి ఉన్న రోజుల్లో పెద్ద నిర్ణయాలు మార్చుకోవద్దన్నారు. సంఘం మానేయడం, పరిచర్య వదిలేయడం, పెళ్ళి తెంచుకోవడం లాంటివి ఆ చీకటిలో తీర్మానించకండి. మనసు కుదురుగా ఉన్నప్పుడు నిశ్చయించుకున్నదాని మీద నిలబడండి. ఇంట్లో హింస ఉంటే మాత్రం ఈ సలహా వర్తించదు, ముందు క్షేమమైన చోటికి వెళ్ళండి. ఎండిన రోజు ప్రార్థనలో గంట పూర్తయ్యాక ఇంకాస్త ఎక్కువసేపు కూర్చోమని కూడా ఆయనే అన్నారు. ఈ రెండోదాన్ని నేను అందరికీ చెప్పను. బద్ధకానికి అది మందు, అలసటకు కాదు.

చివరిగా, ఈ స్థితిలో లేనివారికి. మీ చుట్టూ ఉన్నవారిలో ఎవరో ఒకరు ఉన్నారు.

విలియం కౌపర్ అని 18వ శతాబ్దంలో ఇంగ్లండులో ఒక కవి ఉండేవారు. ఈనాటికీ పాడుకునే కీర్తనలు రాశారు. 1773లో ఆయన మనసు పూర్తిగా కుంగిపోయింది. దేవుడు తనను శాశ్వతంగా తోసిపుచ్చాడన్న నమ్మకం ఆయన్ను పట్టుకుంది, 1800లో చనిపోయేదాకా పూర్తిగా వదల్లేదు. ఆయన ఉండే ఊరి పాదిరి జాన్ న్యూటన్, ఒకప్పుడు బానిసల ఓడ నడిపి, తర్వాత ఆ పని వదిలేసినవాడు. న్యూటన్ ఆయన్ను తన ఇంట్లో ఏడాదికి పైగా పెట్టుకుని చూసుకున్నాడు. కౌపర్ ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించిన రోజులవి. వాదించి ఆ నమ్మకాన్ని తీసేయలేకపోయాడు న్యూటన్. పక్కన ఉండగలిగాడు, ఉన్నాడు. యోబు స్నేహితులు కూడా మొదటి ఏడు రోజులు, ఏడు రాత్రులు నేల మీద కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. వాళ్ళు చేసిన మేలు ఆ ఏడు రోజులే.

మార్కు 2వ అధ్యాయంలో పక్షవాయువు గలవాణ్ణి నలుగురు మోసుకొచ్చారు, కప్పు విప్పి దించారు. "యేసు వారి విశ్వాసము చూచి" అని ఉంది అక్కడ. మంచం మీదున్నవాడికి ఎంత విశ్వాసం ఉందో మార్కు రాయలేదు. కాబట్టి ఒక సిస్టర్ మీ దగ్గరికి వచ్చి "నేను ప్రార్థించలేకపోతున్నాను, నాకోసం ప్రార్థించండి" అంటే, "నువ్వు కూడా ప్రార్థించాలమ్మా" అని ఆ బరువు తిరిగి ఆమె మీదే పెట్టకండి. "సరే, చేస్తాను" అని చెప్పి వెళ్ళిపోవద్దు కూడా. అక్కడే నిలబడి, ఆమె పేరు చెప్పి, రెండు మాటల్లో ప్రార్థించండి. మర్నాడు ఫోన్ చేయండి. ఆమె బాగుపడిందా లేదా అని లెక్క అడగడానికి కాదు, తిన్నావా, పడుకున్నావా అని అడగడానికి. వారం తర్వాత మళ్ళీ చేయండి. ఆరు నెలల తర్వాత కూడా ఆమె అదే స్థితిలో ఉంటే విసుక్కోకుండా అప్పుడూ చేయండి.

ఇక మీరు మాట్లాడండి, నేను వింటాను. అందరి ముందు అడగడం ఇష్టం లేనివారు చీటీ మీద రాసి ముందుకు పంపండి, పేరు రాయనక్కర్లేదు. మీటింగ్ అయ్యాక కూడా నేను ఇక్కడే ఉంటాను.